పాత యాంటెన్నా గొట్టాలు దించుదాం, కానీ కుర్రోళ్లని పైకి ఎక్కించి కాదు

ఈసారి పోస్టు మిర్చి గురించీ కాదు, పత్తి గురించీ కాదు. కొంచెం పెద్దదే. ఇంటి మీద గానీ ఇంటి పక్కన గానీ పాత టీవీ గొట్టం నిలబడి ఉన్నవాళ్లు మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

మొన్న సాయంత్రం పాలకేంద్రం నించి గుడి దాకా నడుస్తా లెక్కపెట్టాను. మన ఒక్క బజారులోనే పదకొండు గొట్టాలున్నాయి. అందులో పని చేస్తున్నవి రెండు. ఒకదానికి ఇంటర్నెట్టు డబ్బా, ఇంకోదానికి కెమెరా. మిగతా తొమ్మిదీ ఉత్తవే. పైన విరిగిన అల్యూమినియం పుల్లలు, కింద తుప్పు, స్టే తీగల్లో సగం తెగిపోయి గోడకి వేలాడతన్నాయి. ఒకాయన ఆ తెగిన తీగకే బట్టలు ఆరేస్తన్నాడు.

ఆ గొట్టాల మీద నాకూ అభిమానం ఉంది. 1987లో రామాయణం వచ్చే రోజుల్లో ఊరికి ఒకటో రెండో టీవీలు. ఒకడు గొట్టం పట్టుకుని తిప్పడం, ఇంకోడు కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది, వెనక్కి తిప్పరా" అని అరవడం మన వయసు వాళ్లందరికీ గుర్తే. ట్రాన్స్‌మిటర్ దూరం కాబట్టి నలభై అడుగులు లేపితే గానీ బొమ్మ పడేది కాదు. రెండించుల జీఐ పైపు ఒకటి, దాని మీద సాకెట్ పెట్టి ఇంచిన్నర పైపు ఇంకోటి. ఆ రోజుల్లో అది ఇంటికి పరువు. కానీ ఆ తర్వాత కేబుల్ వచ్చింది, డిష్షులొచ్చాయి. 2021 అక్టోబరు ఆఖరుకి దూరదర్శన్ వాళ్లు పాత పద్ధతి ట్రాన్స్‌మిటర్లు, సరిహద్దుల్లాంటి చోట్ల ఉన్న కొన్ని తప్ప, దేశమంతా ఆపేశారు. అంటే ఆ గొట్టానికి ఇక పట్టుకోవడానికి గాలిలో ఏమీ లేదు. మూడు నాలుగు దశాబ్దాల కిందటి ఇనుము మన పిల్లల నెత్తిన ఊరికే నిలబడి ఉంది.

"ఇన్నేళ్లు నిలబడింది, ఇప్పుడేం పడుద్ది బాబాయ్" అంటారు. ఇన్నేళ్లు నిలబడింది కాబట్టే పడుద్ది. తుప్పు పైన కనపడదు. గొట్టం సిమెంటు దిమ్మెలోకి దిగే చోట నీళ్లు నిలుస్తాయి, అక్కడ తింటుంది. సాకెట్ మరల దగ్గర తింటుంది. పైన మూత లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగి లోపలినించి తింటుంది. ఒక సుత్తి తీసుకుని మొదట్లో మెల్లగా కొట్టి చూడండి. బాగున్న పైపు గంటలాగా మోగుద్ది. తిన్న పైపు మొద్దుగా, చచ్చిన చప్పుడు చేస్తుంది. స్క్రూడ్రైవరు గట్టిగా నొక్కితే లోపలికి దిగిందంటే ఇక ఆ గొట్టాన్ని నిలబెడుతున్నది పైపు కాదు, అలవాటు. ఏప్రిల్, మే గాలిదుమ్ముల్లో అది ఎటు పడుద్దో ఎవరు చెప్తారు?

ఇంకొంతమంది "పిడుగు పడితే గొట్టం మీద పడుద్ది, ఇల్లు బతుకుద్ది" అంటారు. పిడుగు నించి కాపాడాలంటే పై నించి భూమి దాకా లావుపాటి రాగి పట్టీనో జీఐ పట్టీనో దించి, మంచి ఎర్తింగు గుంట ఉండాలి. మన గొట్టాలకి అది ఎక్కడుంది? దానికున్నది పాత కేబుల్ వైరు ఒక్కటే, అది తిన్నగా పడకగదిలోకి పోతుంది. పిడుగుకి దారి చూపించినట్టే.

సరే, దించాలి. అందులో నాకు రెండో మాట లేదు. నా గొడవంతా ఎలా దించుతున్నారు అన్న దాని గురించి.

మనూళ్లలో పద్ధతి ఇది. పాత ఇనుము కొనేవాడు వస్తాడు, "నేనే దించుకుపోతా, మీకు రూపాయి ఖర్చు లేదు" అంటాడు. లేకపోతే మనమే పనికి పోయే ఒక కుర్రాణ్ని పిలుస్తాం. అయిదొందలు, పైన ఒక క్వార్టరు. వాడు కోతిలాగా ఎక్కుతాడు, పైన పుల్లలు ఊడదీస్తాడు, సాకెట్ దగ్గర రెంచీ వేసి తిప్పుతాడు. కింద మనం మెడలెత్తి చూస్తా ఉంటాం. మొత్తం గొట్టం అమ్మితే పదిహేను వందలు రావడం గగనం. ఆ పదిహేను వందల కోసం, తుప్పు పట్టిందని మనకి తెలిసిన గొట్టం మీదికి వేరేవాళ్ల బిడ్డని ఎక్కిస్తున్నాం. మన కొడుకుని ఎక్కిస్తామా? ఎక్కించం. నా అభిప్రాయం కఠినంగా ఉందనుకోండి, పరవాలేదు. పాత గొట్టం మీదికి ఎవరూ ఎక్కకూడదు. నిచ్చెన కూడా దానికి ఆనించకూడదు. స్టేలు బాగున్నంతసేపు నిలబడేది, మనిషి బరువు పడగానే మొదట్లో విరుగుద్ది.

ఎక్కకుండా దించొచ్చు. ఊరి బుద్ధే, కొత్త విద్యేం కాదు. కానీ ముందు కరెంటు సంగతి.

గొట్టం ఎంత పొడుగో అంత తాడు తీసుకోండి, ఇంకో పది అడుగులు కలపండి. మొదటి దగ్గర పట్టుకుని చుట్టూ తిరగండి. ఆ గుండ్రంలో ఎక్కడైనా లైను ఉందా? దాబా మీది గొట్టమైతే దాబా ఎత్తు కూడా కలుపుకోండి. 11 కేవీ కావచ్చు, వీధి లైను కావచ్చు, మీ ఇంటికి వచ్చే సర్వీసు వైరు కావచ్చు. ఉంటే, ఎల్‌సీ లేకుండా గొట్టం మీద చెయ్యి వెయ్యొద్దు. "మేం అటు పక్కకి దించడం లేదుగా" అంటారు. స్టే తెగిన గొట్టం మీ మాట వినదు. లైను కట్టినప్పుడు మీ ఇంటికి, 11 కేవీ తీగకి పక్కన 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు ఎడం ఉండాలన్నది నిబంధన. అంటే నాలుగడుగుల దూరంలో కూడా లైను చట్టప్రకారమే ఉండొచ్చు. నలభై అడుగుల గొట్టానికి నాలుగడుగులు ఒక లెక్కా?

ఎల్‌సీ అంటే "ఇప్పుడు కరెంటు లేదులే" అనుకోవడం కాదు. వ్యవసాయ లైనులో త్రీఫేజు టైమైపోయిందని, మోటార్లు ఆగినయ్యని లైను చచ్చిందనుకునేవాళ్లు మనలో చాలామంది. ఒక ఫేజు బతికి ఉండొచ్చు. సబ్‌స్టేషన్‌లో ఏ క్షణమైనా వెయ్యొచ్చు. ఎవరింట్లోనో జనరేటరు వెనక్కి తన్నొచ్చు. ఎల్‌సీ అంటే లైన్‌మన్ వచ్చి, సబ్‌స్టేషన్‌లో చెప్పి, స్విచ్ తీయించి, లైనుకి ఎర్త్ రాడ్లు తగిలించి, "ఇక కానియ్యండి" అనడం. మనమే పోయి ఏబీ స్విచ్ లాగేయడం ఎల్‌సీ కాదు. మన ఊళ్లో ఆ అలవాటు ఉంది, పేర్లు చెప్పను, వాళ్లు కూడా ఈ పోస్టు చదువుతారు. లైన్‌మన్ దొరక్కపోతే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఒక రోజు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

ఎండిన వెదురు కర్రతో నెడితే కరెంటు రాదు, రబ్బరు చెప్పులేసుకుంటే ఏం కాదు అనేవి 11 కేవీ దగ్గర చెల్లవు. బోరు పైపులు లాగేటప్పుడు పైకి లేచిన పైపు లైనుకి తగిలి మనుషులు పోయిన సంగతులు మీరూ పేపర్లో చదివే ఉంటారు. ఇదీ అదే పైపు, అదే లైను.

ఇప్పుడు దించే సంగతి. మొదలు దగ్గర చూడండి. రెండు ఇనుప పట్టీల మధ్య రెండు బోల్టులతో బిగించి ఉంటే అదృష్టవంతులు. పై బోల్టు తీస్తే కింది బోల్టు మీద తలుపు బందులాగా వాలుద్ది. కానీ పై బోల్టు తీసేది ఆఖరున, తాళ్లన్నీ కట్టాకే.

సిమెంటులో పాతేసి ఉంటే అది వాలదు. దాన్ని గ్రైండరుతో మొదట్లో కొయ్యడమంటే నిలబడ్డ తాటిచెట్టుని నరికినట్టే. దానికి కరెంటు స్తంభాలు నాటే ట్రాక్టరు క్రేను పిలిపించండి. గొట్టాన్ని సగానికి పైన బెల్టుతో పట్టి, బరువు క్రేను మీదకి వచ్చాక అప్పుడు కింద కొయ్యాలి. సగానికి కింద పడితే తల్లకిందులవుద్ది. ఒకే రోజు నాలుగిళ్ల వాళ్లు కలిసి పిలిస్తే క్రేను ఖర్చు తలా కొంచెం పడుద్ది. నా మాట వింటే పంచాయతీయే ఒక రోజు పెట్టి, ఒకే ఎల్‌సీ మీద, ఒకే క్రేనుతో బజారు బజారంతా దించేయాలి. గ్రామసభలో ఈ మాట అడుగుతాను. నాతో పాటు ఇంకో పదిమంది లేచి అడిగితే అవుద్ది.

బోల్టు మీద వాలే గొట్టానికి మనమే చాలు. అయిదారుగురు పెద్దవాళ్లుండాలి. తాగినోడు ఒక్కడు కూడా ఉండకూడదు.

తాడు సంగతి ముందు చెప్తా. బొటనవేలంత లావు కొత్త నైలాన్ మోకు కావాలి. గేదె పలుపులు ముడేసి, పాత చాంతాడు కలిపి చేసేది తాడు కాదు. దాన్ని పైన కట్టడానికి ఎక్కక్కర్లేదు. మొదట్లోనే గొట్టం చుట్టూ వదులుగా జారుముడి వేసి, ఆ ఉచ్చుని పొడుగాటి గెడతో మెల్లగా పైకి నెట్టుకుంటా పోండి. లైను దగ్గరుంటే ఇది కూడా ఎల్‌సీ తీసుకున్నాకే. సాకెట్ దాటించి పైకి పోయాక లాగితే ముడి బిగుసుకుంటుంది. పైన పైపు సన్నం, కింద సాకెట్ లావు, కాబట్టి ఇక కిందికి జారదు. ఇలాగే మూడు మోకులు. ఒకటి వెనక్కి, అంటే గొట్టం వాలే దిక్కుకి సరిగ్గా ఎదురుగా. రెండు పక్కలకి.

పక్క మోకులు ఎక్కడ కట్టాలన్నదే అందరూ తప్పు చేసే చోటు. గొట్టం మొదలుకి సరిగ్గా ఎడమా కుడీ, ఆ బోల్టుకి సూటిగా, మొదలు ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులోనే మేకులుండాలి. అలా ఉంటే గొట్టం వాలుతున్నా పక్క తాళ్ల పొడుగు మారదు, అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచుతాయి. మేకు వెనక్కి ఉంటే సగం దూరంలో తాడు బిగుసుకుని గొట్టాన్ని పక్కకి గుంజుద్ది. ముందుకి ఉంటే వదులైపోయి ఉన్నా లేనట్టే. మూడు స్టేల గొట్టాలకి పాత స్టేలని నమ్ముకోవద్దని చెప్పేది ఇందుకే. వెనక స్టే విప్పి ముందుకి వాలిస్తే మిగతా రెండూ వదులైపోతాయి. కొత్త తాడు బిగించే దాకా పాత స్టే ఒక్కటి కూడా విప్పొద్దు.

ఇక అసలు ప్రమాదం. నిలబడి ఉన్నప్పుడు గొట్టం ఏమీ బరువు పెట్టదు. ఒక్కడు ఒక్క చేత్తో ఆపొచ్చు. అది చూసి "ఇంతేనా" అనుకుంటాం. వాలే కొద్దీ బరువు పెరుగుద్ది. మన నలభై అడుగుల గొట్టం యాభై కిలోల పైనే. మోకు ఇరవై అడుగుల ఎత్తున కట్టి, వెనక ఇరవై అడుగుల దూరంలో నేల మీద మేకు నించి వదులుతున్నామనుకోండి. గొట్టం నేలకి దగ్గరపడి పదిహేను డిగ్రీల వాలులో ఉన్నప్పుడు మోకు మీద మూడొందల యాభై కిలోల పైన లాగుడు పడుద్ది. ఇంకా కిందికి పోతే తాడు, గొట్టం ఒకే గీతలోకి వస్తాయి, ఎంతమంది పట్టినా ఆగదు. పైగా ఆ లాగుడంతా మొదటిని వెనక్కి తన్నుద్ది. అందుకే "అంతా దించేశాం, చివర్లో జారింది" అంటారు. చివర్లో జారడం దురదృష్టం కాదు, లెక్క.

దీనికి మందు ఒక గుంజ. పది అడుగుల గట్టి గుంజని గొట్టం మొదటికి అడ్డంగా, వెనక వైపుకి, మూల మట్టం లాగా కట్టాలి. మోకుని గుంజ కొన మీదుగా పోనిచ్చి, ఆ కొనకే గట్టిగా కట్టి, అక్కడి నించి వెనక్కి మేకుకి తేవాలి. గొట్టం వాలుతుంటే గుంజ పైకి లేస్తుంది. గొట్టం పడుకునేసరికి గుంజ నిలబడుద్ది. అప్పుడు కొన నించి గొట్టానికి పోయే తాడు మీద బరువు నూట పది కిలోల దగ్గరే ఆగుద్ది. గుంజ పక్కలకి ఒరిగిపోకుండా దానికీ రెండు తాళ్లు, అవి కూడా ఆ పక్క మేకులకే. పక్కనే మేడ ఉంటే పై దాబా పిల్లరు నించి మోకు వదిలినా పని జరుగుద్ది, ఎత్తు మీద నించి లాగడమే కావాల్సింది. ఇరవై అడుగుల చిన్న గొట్టానికి ఇంత హంగామా అక్కర్లేదు, ముగ్గురు మనుషులు కిందికి వచ్చాక భుజాన పట్టుకోవచ్చు.

మోకు చేతికి చుట్టుకోవద్దు, నడుముకి కట్టుకోవద్దు. రాతి గుంజకో పిల్లరుకో రెండు మూడు చుట్లు తిప్పి, కొస పట్టుకుని కొంచెం కొంచెంగా వదలండి. మదించిన కోడెని గుంజకి చుట్టేసి ఆపే మనకి ఇది ఒకరు నేర్పాలా? ట్రాక్టరుకి కట్టి రివర్సులో వదలడం మాత్రం నాకు నచ్చదు. క్లచ్ మీద కాలు జారితే ఎవరు దిక్కు?

పొద్దున్నే, గాలి లేనప్పుడు చెయ్యండి. వాన పడిన మర్నాడు వద్దు, మేకులు పట్టవు. గొట్టం వాలే దారిలో మనిషి గానీ, పిల్లలు గానీ, గొడ్డు గానీ ఉండకూడదు. మాట ఒక్కడే చెప్పాలి, అది ఇంటి యజమాని కానక్కర్లేదు, అనుభవం ఉన్నోడై ఉండాలి. మనలో పదిమంది కలిస్తే పదిమందీ మేస్త్రీలే, అదే చిక్కు. ఇంకో సంగతి, పైన గొట్టం నోట్లో కందిరీగలుంటాయి. ముందు రోజు సాయంత్రమే చూసుకోండి. కందిరీగ కుట్టినోడు మోకు వదిలేస్తాడు, వాణ్ని తప్పుపట్టలేం.

అన్నీ చేసినా గొట్టం పోయి లైను మీద పడిందనుకోండి. మోకు వదిలేయాలి. గొట్టాన్నీ తాళ్లనీ పడ్డ మనిషినీ ముట్టుకోకుండా, రెండు కాళ్లూ దగ్గర పెట్టి చిన్న అడుగులతో ముప్పై అడుగుల పైన దూరం పోవాలి. నేలలో కూడా కరెంటు ఉంటుంది. సబ్‌స్టేషన్ వాళ్లు ఆపామని చెప్పే దాకా దగ్గరికి రావద్దు. కళ్ల ముందు మనవాడు పడి ఉంటే ఆగడం ఎంత కష్టమో తెలుసు. కానీ ఒకరి వెనక ఒకరు పోయేది అక్కడే.

ఇంటర్నెట్టుకో కెమెరాకో గొట్టం కావాల్సిన వాళ్లు దించాక బాగుచేసి మళ్లీ లేపుకోండి. తుప్పు గీకి రెడ్ ఆక్సైడు వేసి, పైన మూత పెట్టి, కొత్త స్టేలు కట్టండి. మొదట్లో మాత్రం ఆ రెండు పట్టీలు, రెండు బోల్టుల ఏర్పాటు పెట్టించండి. వెల్డింగు షాపులో ఒక పూట పని. రేపు డబ్బా మార్చడానికి వచ్చే కుర్రాడు పైకి ఎక్కకుండా గొట్టమే వాడి దగ్గరికి దిగి వస్తుంది. ఎత్తు కూడా ఇరవై అడుగులు చాలేమో ఆ కంపెనీ మనిషినే అడగండి. నలభై అడుగులు దూరదర్శన్ కోసం లేపాం, పరువు కోసం ఇప్పుడెందుకు?

నా దగ్గర ఎనభై అడుగుల కొత్త మోకులు మూడు, సరుగుడు గుంజ ఒకటి ఉన్నాయి. మిర్చి కోతలు అయ్యాక ఎవరికి కావాలన్నా ఇస్తాను, అద్దె ఏమీ లేదు. తడిపి, ముడులతో మాత్రం తెచ్చివ్వకండి. ఏ రోజు దించుతున్నారో రెండు రోజుల ముందు చెప్తే లైన్‌మన్ దగ్గరికి నేనూ వస్తాను.